కొండ మీద షార్ట్ సేల్ ఇల్లు కొంటున్నారా? కుళాయి తిప్పి చూడందే సంతకం పెట్టకండి

పోయిన మార్చిలో మా ఫ్రెండ్ ఒకాయన కాలిఫోర్నియా కొండల్లో ఉన్న సౌత్ లేక్ తాహోలో క్యాబిన్ కొన్నాడు. షార్ట్ సేల్, అంటే బ్యాంకు తన అప్పు కొంత వదులుకుంటేనే అమ్ముడయ్యే ఇల్లు. తాళాలు చేతికొచ్చిన రోజు నేనూ వెంట వెళ్ళాను. పాలు పొంగిద్దామని ఫ్రీమాంట్ నుంచి గిన్నె, పాలు కూడా పట్టుకెళ్ళాం. వాళ్ళావిడ సింక్ దగ్గర కుళాయి తిప్పింది, నీళ్ళు రాలేదు. ఆయన వెళ్ళి మెయిన్ వాల్వ్ తిప్పి వచ్చేసరికి వంటింటి సీలింగ్‌లో లైటు పక్క నుంచి సన్నగా ధార మొదలైంది. కాసేపటికి సీలింగ్ ముక్క ఒకటి నాని, ఊడి, పాలగిన్నెలో పడింది. తర్వాత గోడ కోసి చూస్తే రాగి పైపు పొడుగునా చీలి చేప నోరు తెరిచినట్టు ఉంది. అలాంటివి పదకొండు చోట్ల.

ఆయన ఇన్‌స్పెక్షన్ చేయించాడు, అదీ మంచి ఇన్‌స్పెక్టర్‌తో. కాకపోతే అక్టోబరులో. అప్పటికి ఇల్లు నిజంగానే బాగుంది. కొన్నది మార్చిలో.

అక్టోబరులో చూసిన ఇంటిని మార్చిలో కొనడం. ఈ తప్పే, ఇలాంటి కొండ ఊళ్ళే అయిన బిగ్ బేర్‌లో ఒకరు, ట్రక్కీలో ఒకరు చేయగా చూశాను. ఇప్పుడు మళ్ళీ చలికాలం వస్తోంది, మనవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆఫర్లు పెట్టి కూర్చున్నారు. అందుకే రాస్తున్నాను.

ఎందుకిలా అవుతుంది

షార్ట్ సేల్ అంటే అమ్మేవాడికి ఇంటి విలువ కన్నా అప్పు ఎక్కువ ఉంది, బ్యాంకు తనకు రావాల్సింది తగ్గించుకోవడానికి ఒప్పుకోవాలి. మీ ఆఫర్ మీద అమ్మేవాడు పెట్టే సంతకాన్ని నిశ్చితార్థం అనుకోకండి, అది పెళ్ళిచూపులే. బ్యాంకు జవాబుకి నెలలు పడుతుంది. ఈ నెలల్లో ఇంటికి దిక్కెవరు? అమ్మేవాడికి సాధారణంగా చేతికి ఏమీ రాదు, కాబట్టి కరెంటు, ప్రొపేన్ గ్యాస్ బిల్లులు కట్టడం మానేస్తాడు. ఇల్లు బ్యాంకు చేతికి రాలేదు కాబట్టి బ్యాంకూ చూడదు. మీరు చూద్దామన్నా ఇల్లు మీది కాదు.

కింద మైదానంలో ఉన్న శాక్రమెంటోలో అయితే లాన్ ఎండిపోతుంది, అంతే. తాహో ఆరు వేల అడుగుల పైన ఉంది. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, పైపు తట్టుకోలేదు. గడ్డకట్టి ఉన్నంతకాలం ఆ మంచే బిరడాలా అడ్డుపడి ఏమీ కారనివ్వదు. కరిగి, నీళ్ళు వదిలినప్పుడు బయటపడుతుంది, అంటే మీరు డబ్బు కట్టేశాక. ‘యాజ్ ఈజ్’, అంటే ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నానని సంతకం పెట్టారు కాబట్టి అమ్మినవాణ్ణి అడగడం కష్టం. మీరు కొనకముందే జరిగిన నష్టం కాబట్టి మీ కొత్త ఇన్సూరెన్సూ ఇవ్వదు.

‘వింటరైజ్ చేశారండీ’ అంటారు, అంటే పైపుల్లో నీళ్ళు ఖాళీ చేసి ఇంటిని చలికి సిద్ధం చేశారని. మావాడి ఇంట్లోనూ టాయిలెట్‌కి ఆ ట్యాగ్ కట్టి ఉంది. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, రసీదు ఏది? పైపు వంపుల్లో మిగిలిపోయిన నీళ్ళు చాలు ముంచడానికి. పైగా నీళ్ళు కట్టేసిన ఇంట్లో చివరి వాక్‌త్రూ (సంతకానికి ముందు ఇల్లంతా తిరిగి చూడ్డం) చేస్తే కనబడేది గోడల రంగే.

ఒప్పందంలో ముందే రాయించుకోవాల్సినవి

ఇన్‌స్పెక్షన్ గడువు బ్యాంకు అప్రూవల్ చేతికొచ్చిన రోజు నుంచి లెక్క మొదలవ్వాలి, అమ్మేవాడు సంతకం పెట్టిన రోజు నుంచి కాదు. క్లోజింగ్‌కి (డబ్బు కట్టి ఇల్లు మీ పేరు మీదికి మార్చుకోవడానికి) ముందు కరెంటు, హీటు, నీళ్ళు అన్నీ ఆన్ చేసి మళ్ళీ చూసే హక్కు, నచ్చకపోతే అడ్వాన్సుతో సహా వెనక్కి వచ్చే హక్కు కూడా ఉండాలి.

ఆ రెండోసారి చూడ్డానికి లైసెన్సున్న ప్లంబర్‌ని పెట్టుకోండి. ముందు ఇల్లు వెచ్చబడనివ్వాలి. తర్వాత పైపుల్లోకి నీళ్ళ బదులు గాలి ఎక్కించి గేజ్ చూస్తాడు. ముల్లు దిగితే ఎక్కడో చీలిక ఉంది, ఇల్లు తడవకుండానే తెలిసిపోతుంది. ముల్లు నిలబడ్డాకే నీళ్ళు. ఖర్చు మీదే, బ్యాంకు ఇస్తుందని ఆశ పెట్టుకోకండి. ఇల్లు ఇంకా అమ్మేవాడిదే కాబట్టి ఆయన అనుమతి కాగితం మీద తీసుకోండి. మీరు వెంటనే దిగకపోతే మళ్ళీ వింటరైజ్ చేయించే బయటికి రావాలి.

మిగతావి గుర్తొచ్చిన వరుసలో చెప్తాను.

అప్రూవల్ లెటర్ మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే మొదటికొస్తారు. ఆ లెటర్ రాకుండా మీ హోమ్ లోన్ వడ్డీ రేటు లాక్ చేయకండి.

ఇంటి మీద ఉన్న రెండో లోన్, హెలాక్ (ఇంటిని పూచీగా పెట్టి వాడుకునే క్రెడిట్ లైన్), హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) బకాయి, పన్నులు: ఒక్కొక్కటి తీరినట్టో, వదులుకున్నట్టో కాగితం ఉండాలి. మొదటి బ్యాంకు ఒప్పుకుందని సంబరపడొద్దు. రెండో లోన్ వాడికి పక్కనుంచి ఏదో ఇవ్వండి అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి, అది మోసం.

బావమరిది ఇల్లు షార్ట్ సేల్‌లో కొని మళ్ళీ వాళ్ళకే ఇద్దామనుకోకండి. కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ సంబంధం లేదని బ్యాంకు సంతకం తీసుకుంటుంది.

ఇన్సూరెన్స్ కోట్ ఆఫర్‌కి ముందే తెచ్చుకోండి. 2021 కాల్డర్ అడవి మంటలకి సౌత్ లేక్ తాహో ఊరంతా ఖాళీ చేయించారు. మంటల భయంతో ఏ కంపెనీ పాలసీ ఇవ్వకపోతే కాలిఫోర్నియా ఫెయిర్ ప్లాన్ ఉంది, కానీ అది ప్రధానంగా నిప్పుకే. పైపు పగిలిన నీళ్ళకీ, దొంగతనానికీ వేరే పాలసీ కావాలి.

మంచు కప్పి ఉన్న పైకప్పుని ఎవరూ ఇన్‌స్పెక్ట్ చేయలేరు. అటక ఎక్కి దూలాలు చూడమనండి. 2023 ఫిబ్రవరి, మార్చి మంచుకి శాన్ బెర్నార్డినో కొండల్లో కప్పులు కూలాయి, క్రెస్ట్‌లైన్‌లో కిరాణా స్టోర్‌దీ కూలింది.

మీ వీధిలో మంచు ఎవరు తీస్తారు, కౌంటీనా, మీరేనా? అడగండి.

ప్రొపేన్ ట్యాంక్ సొంతమా, అద్దెదా?

సెప్టిక్ ట్యాంక్ మూత తెరిపించండి.

ఎయిర్‌బీఎన్‌బీ ఆదాయం మీద కిస్తీ లెక్క వేయకండి. 2018లో సౌత్ లేక్ తాహోలో ఇళ్ళ వీధుల్లో వెకేషన్ రెంటల్స్ ఆపాలన్న ప్రతిపాదన 58 ఓట్ల తేడాతో గెలిచింది. కేసులు ఏళ్ళ తరబడి నడిచాయి.

హీటు లేని ఇంట్లో బొగ్గుల కుంపటి, బార్బెక్యూ గ్రిల్ వెలిగించొద్దు. ప్రాణాలు పోతాయి.

ఫర్నిచర్ కొనొద్దు. ఇంకా కొనొద్దు.

వీడియోలో వాక్‌త్రూ వద్దు. ‘రోడ్డు మూసేశారు, ప్లంబర్ రాలేడు’ అంటే అప్రూవల్ గడువు పొడిగించమని అడిగించండి, క్లోజింగ్ వాయిదా వేయండి. పొడిగించకపోతే ఇల్లు పోనీయండి. సంతకానికి ముందు ప్లంబర్ ఆ ఇంట్లోంచి ఫోన్ చేసి, ముల్లు నిలబడింది, నీళ్ళు వదిలాను, ఎక్కడా కారట్లేదు అని చెప్పాలి. ఆ ఫోన్ రాలేదా, పెన్ను ముట్టుకోకండి.