ఏపీ బయాలజీ పరీక్ష: పాయింట్లు ఎక్కడ వస్తాయి, ఎక్కడ జారిపోతాయి

అమెరికాలోని కాలేజ్ బోర్డ్ హైస్కూలు పిల్లలకు ఏటా మే నెలలో పెట్టే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) బయాలజీ పరీక్షలో, పాఠాలన్నీ కంఠతా వచ్చిన పిల్లలు కూడా చాలాసార్లు 5కి 3 స్కోరు దగ్గరే ఆగిపోతారు. పాఠం అప్పజెప్పమని ఈ పరీక్ష దాదాపు ఎప్పుడూ అడగదు. మీరెప్పుడూ చూడని ప్రయోగం ఒకటి ముందు పెట్టి, దాని గురించి ఒక నిర్దిష్టమైన పని చేయమంటుంది. ఆ పని చేస్తేనే పాయింటు. చుట్టుపక్కల విషయం ఎంత రాసినా లెక్కలోకి రాదు. అందుకే సిలబస్‌తో పాటు మార్కులు వేసే పద్ధతిని కూడా చదువుకోవాలి.

పరీక్ష స్వరూపం

మొత్తం 3 గంటలు, రెండు సెక్షన్లు. మొదటిది 60 మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నలు, 90 నిమిషాలు. రెండోది 6 ఫ్రీ రెస్పాన్స్ ప్రశ్నలు, అంటే రాసి జవాబివ్వాల్సినవి, మరో 90 నిమిషాలు. స్కోరులో చెరి సగం. 2025 మే నుంచి ప్రశ్నలన్నీ కాలేజ్ బోర్డ్ వారి బ్లూబుక్ యాప్‌లో తెరమీద కనిపిస్తాయి. మల్టిపుల్ ఛాయిస్ జవాబులు అక్కడే గుర్తిస్తారు, రాత ప్రశ్నల జవాబులు మాత్రం కాగితం బుక్‌లెట్‌లో రాయాలి. కాబట్టి తెరమీద గ్రాఫ్ చూస్తూ కాగితం మీద రాయడం ముందే అలవాటు చేసుకోవాలి.

రాత ప్రశ్నల్లో మొదటి రెండూ పెద్దవి, ఒక్కోదానికి 9 పాయింట్లు. మిగతా నాలుగూ చిన్నవి, ఒక్కోదానికి 4. మొత్తం 34. ఇక్కడొక లెక్క చూడండి: 34 పాయింట్లకూ 60 మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నలకూ ఒకే బరువు ఉంది. అంటే రాతలో పోయిన ఒక్క పాయింటు దాదాపు 1.8 మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నలతో సమానం. సాధన సమయమంతా మల్టిపుల్ ఛాయిస్‌కే పోసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

సిలబస్‌లోని ఎనిమిది యూనిట్ల బరువు కూడా సమానం కాదు. సహజ వరణం 13 నుంచి 20 శాతం, కణ శక్తి ప్రక్రియలు, జన్యు వ్యక్తీకరణ చెరి 12 నుంచి 16. జీవ రసాయనం, అనువంశికత 8 నుంచి 11 చొప్పున. గ్లైకాలసిస్, క్రెబ్స్ వలయం, కాల్విన్ వలయాల్లో ఒక్కో మెట్టూ, ఒక్కో ఎంజైమూ బట్టీ పట్టక్కర్లేదు. అవి సిలబస్ పరిధిలో లేవని అధికారిక కోర్సు పుస్తకంలోనే స్పష్టంగా ఉంది. ఏం లోపలికి వెళ్తుంది, ఏం బయటికి వస్తుంది, ఎక్కడ జరుగుతుంది, ఆపితే ఏమవుతుంది అన్నవి వస్తే చాలు.

మల్టిపుల్ ఛాయిస్

ఒక్కో ప్రశ్నకు నాలుగు ఎంపికలు, తప్పుకు మైనస్ లేదు. కాబట్టి ఏదీ ఖాళీగా వదలకండి. సగటున ప్రశ్నకు నిమిషంన్నర వస్తుంది. 45 నిమిషాలకు 30వ ప్రశ్న దాటారో లేదో చూసుకోండి. గ్రాఫ్ ఉన్న చోట ముందు రెండు అక్షాల పేర్లు, యూనిట్లు చదివి, తర్వాత ప్రశ్నలోకి వెళ్లండి. శాస్త్రపరంగా నిజమే అయినా ఇచ్చిన డేటాకు సంబంధం లేని వాక్యాలు ఎంపికల్లో తరచూ ఉంటాయి. చదువుకున్న పిల్లలు ఎక్కువగా పడేది ఆ ఉచ్చులోనే.

ప్రశ్నలోని క్రియాపదం

రాత ప్రశ్నల్లో ప్రతి భాగమూ ఒక క్రియతో మొదలవుతుంది. పరీక్ష మొత్తంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన మాట అదే. ఐడెంటిఫై, స్టేట్ అంటే ఒక్క వాక్యం చాలు, కారణం అక్కర్లేదు. డిస్క్రైబ్ అంటే లక్షణాలు చెప్పాలి. డేటాను వర్ణించమంటే పెరిగిందా, తగ్గిందా, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది రావాలి. ఎక్స్‌ప్లెయిన్ అంటే ఎలా, ఎందుకు అన్నది కావాలి. ప్రిడిక్ట్ అంటే దిశ చెప్పడం. జస్టిఫై అంటే ఆ దిశకు ఆధారం చూపడం.

ఉదాహరణకు, ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కు చేరకుండా ఆపే విషం కణానికి ఇచ్చారనుకోండి. ఏటీపీ ఉత్పత్తి ఏమవుతుందో ప్రిడిక్ట్ చేసి, జస్టిఫై చేయమన్నారు. "తగ్గుతుంది, ఎందుకంటే మైటోకాండ్రియా దెబ్బతింటుంది" అని రాస్తే మొదటి పాయింటే వస్తుంది. రెండోది రావాలంటే గొలుసు తెగకుండా రాయాలి: ఎలక్ట్రాన్ల ప్రవాహం ఆగింది, కాబట్టి పొరల మధ్య ప్రదేశంలోకి ప్రోటాన్ల పంపింగ్ ఆగింది, ప్రోటాన్ల గాఢతలో తేడా తగ్గింది, ఏటీపీ సింథేజ్ గుండా ప్రోటాన్లు ప్రవహించడం తగ్గింది, అందుకే ఏటీపీ తగ్గింది. ఐదు చిన్న వాక్యాలు, అంతే.

"ప్రభావం చూపుతుంది", "మారుతుంది" లాంటి దిశ లేని మాటలు పాయింట్లు మింగేస్తాయి. "అది", "దాని" అని రాసినప్పుడు ఎంజైమా, సబ్‌స్ట్రేటా తెలియకపోతే దిద్దేవాళ్లు మీ తరఫున ఊహించుకోరు. యాంటీబయాటిక్ ఇచ్చారు కాబట్టి బ్యాక్టీరియా తట్టుకోవడం నేర్చుకుంది అనే ధోరణి సహజ వరణం ప్రశ్నల్లో పాయింటు పోగొడుతుంది. వైవిధ్యం ముందే ఉంది, తట్టుకోగలిగినవి బతికి ఎక్కువ సంతానం ఇచ్చాయి, ఆ యుగ్మవికల్పం (అల్లీల్, అంటే జన్యువు రూపాల్లో ఒకటి) తరచుదనం పెరిగింది అన్న వరుస రావాలి. సరైన జవాబు రాసి, దాని పక్కనే దానికి విరుద్ధమైన వాక్యం చేరిస్తే వచ్చిన పాయింటూ పోవచ్చు. జవాబులు వాక్యాల్లో ఉండాలి. అడగకుండా వేసిన బొమ్మలకూ, ముక్కలు ముక్కలుగా రాసిన జాబితాలకూ పాయింట్లు రావు.

గ్రాఫ్

రెండో ప్రశ్నలో గ్రాఫ్ గీయమంటారు. కాస్త సాధనతో ఖాయంగా దక్కే పాయింట్లు ఇవి. అడ్డం అక్షం మీద కాలం, ఉష్ణోగ్రత లాంటి అంకెల విలువలుంటే గీత గ్రాఫ్. మొక్క రకాలు, చికిత్స గుంపులు ఉంటే బార్ గ్రాఫ్. రెండు అక్షాలకూ పేరు, యూనిట్ రాయాలి. స్కేలు సమానంగా ఉండాలి: పట్టికలో 0, 5, 10, 30 నిమిషాలుంటే వాటిని సమాన దూరాల్లో పెట్టడం తప్పు. సున్నా దగ్గర డేటా లేనప్పుడు గీతను మూలబిందువు దాకా లాగకూడదు. రెండు గుంపులుంటే ఏ గీత దేనిదో గుర్తు పెట్టాలి.

ఎర్రర్ బార్లు, అంటే సగటులో ఎంత అనిశ్చితి ఉందో చూపే గీతలు, సాధారణంగా ±2 స్టాండర్డ్ ఎర్రర్లు. సగటు 14, స్టాండర్డ్ ఎర్రర్ 1.5 అయితే బారు 11 నుంచి 17 వరకు గీయాలి. పట్టికలోనే ±2 అని ఇచ్చి ఉంటే మళ్లీ రెట్టింపు చేయకండి. రెండు గుంపుల బార్లు ఒకదాని మీద ఒకటి పడితే, వాటి మధ్య గణాంకపరంగా తేడా ఉందని చెప్పలేమని రాయాలి. "రెండూ సమానం" అని రాయకూడదు.

లెక్కలు

సూత్రాల పత్రం పరీక్షలోనే ఇస్తారు, కాలిక్యులేటర్ వాడుకోవచ్చు. తప్పులు జరిగేది సూత్రం వాడే తీరులో. వచ్చిన సంఖ్యలు ఆశించిన వాటికి ఎంత దూరంగా ఉన్నాయో చూసే కై స్క్వేర్ తీసుకోండి. నాలుగు రకాలు 9:3:3:1 నిష్పత్తిలో వస్తాయని ఆశించిన 160 మొక్కల్లో 84, 36, 28, 12 వచ్చాయి. ఆశించినవి 90, 30, 30, 10. ప్రతి తేడానూ వర్గం చేసి, ఆశించిన సంఖ్యతో భాగించి కలిపితే 0.4, 1.2, 0.13, 0.4, మొత్తం 2.13. నాలుగు రకాలు కాబట్టి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అందులో ఒకటి తక్కువ, అంటే 3, 0.05 దగ్గర క్రిటికల్ విలువ 7.81. మనది తక్కువ, కాబట్టి నల్ హైపాథసిస్‌ను (అసలు తేడా ఏమీ లేదనే ఊహను) తిరస్కరించలేం. ఇక్కడ "నల్ హైపాథసిస్ నిరూపితమైంది" అని రాయకండి. శాతాలతో లెక్క వేయడం ఇంకో తప్పు. అసలు సంఖ్యలతోనే వేయాలి.

హార్డీ వైన్‌బర్గ్ సూత్రంలో అంతర్గత (రిసెసివ్) లక్షణం 9 శాతం జీవుల్లో కనిపిస్తే 0.09 అన్నది క్యూ (ఆ యుగ్మవికల్పం తరచుదనం) కాదు, క్యూ స్క్వేర్. క్యూ 0.3, పీ 0.7, విషమయుగ్మజులు 0.42. ద్రావిత పొటెన్షియల్ (కరిగిన పదార్థం వల్ల నీటి పొటెన్షియల్ ఎంత తగ్గిందో చెప్పే విలువ) లెక్కలో ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చడం, ముందు మైనస్ గుర్తు పెట్టడం చాలామంది మరిచిపోతారు. 22 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మూత లేని పాత్రలో 0.3 మోలార్ సుక్రోజ్‌కు విలువ మైనస్ 7.35 బార్లు (పీడనానికి కొలమానం). సుక్రోజ్‌కు అయనీకరణ స్థిరాంకం 1, ఉప్పుకు 2.

ప్రయోగ రూపకల్పన మాటలు

మూడో ప్రశ్న శాస్త్రీయ పరిశోధన మీద ఉంటుంది, మొదటి ప్రశ్నలోనూ ఈ భాగం వస్తుంది. కంట్రోల్ గుంపు వేరు, స్థిరంగా ఉంచిన అంశాలు వేరు. ఎరువు వేయని మొక్కలు కంట్రోల్ గుంపు. అన్ని మొక్కలకూ ఒకే వెలుతురు ఇవ్వడం స్థిరాంశం. నల్ హైపాథసిస్ రాసేటప్పుడు రెండు చలరాశుల పేర్లూ రావాలి: "ఎరువు మోతాదు మొక్క ఎత్తు మీద ఏ ప్రభావమూ చూపదు." ఉత్త "తేడా ఉండదు" సరిపోదు.

సాధన

కాలేజ్ బోర్డ్ పాత రాత ప్రశ్నలనూ, వాటిని దిద్దే మార్గదర్శకాలనూ తన సైట్లో ఉచితంగా పెడుతుంది. ముందు 2021 నుంచి వచ్చినవి తీసుకోండి. 2013 నుంచి 2019 వరకు రాత ప్రశ్నలు 8 ఉండేవి, లెక్క జవాబులను గళ్లలో నింపే పద్ధతి కూడా ఉండేది. వాటిని విషయం కోసం చూడండి, సమయం కోసం కాదు. చిన్న ప్రశ్నకు 10 నిమిషాలు, పెద్దదానికి 25 పెట్టుకుని పెన్నుతో రాయండి. తర్వాత మార్గదర్శకం పక్కన పెట్టుకుని, మీరు రాసిన వాక్యంలో అది అడిగిన మాట ఉందా లేదా అని కఠినంగా దిద్దండి. "నా ఉద్దేశం అదే" అనిపించిన చోట పాయింటు వేసుకోకండి. పోయిన పాయింట్లను యూనిట్ వారీగా కాకుండా క్రియ వారీగా రాసుకోండి. జస్టిఫై దగ్గరే పది పోతున్నాయని తేలితే, ఏం సాధన చేయాలో వెంటనే తెలుస్తుంది.

పరీక్ష గదిలో చిన్న ప్రశ్నలతో మొదలుపెట్టినా ఇబ్బంది లేదు, ఏ ప్రశ్న జవాబు ఆ ప్రశ్న పేజీలోనే రాస్తే చాలు. చివరి ఐదు నిమిషాలు ఖాళీగా వదిలిన భాగాల కోసం ఉంచుకోండి. జస్టిఫై రాయలేకపోయినా, దానికి ముందున్న ప్రిడిక్ట్‌కు "పెరుగుతుంది" లేదా "తగ్గుతుంది" అని ఏది పెరుగుతుందో పేరు పెట్టి ఒక్క వాక్యం రాస్తే, అది సరైనదైతే దాని పాయింటు విడిగా వస్తుంది.