ఆసుపత్రి మురుగునీటిలో మందుల అవశేషాలు: శాంపిల్ తీసే ముందు జాగ్రత్తలు

వచ్చే వారం శాంపిల్స్ ఉన్నాయా? సీసాలు బయటికి తీసే ముందు ఇవి చూసుకోండి.

– ఒక్కసారి ముంచి తీసిన నీళ్లతో సరిపెట్టకండి. పొద్దున ఒకలా, అర్ధరాత్రి ఒకలా ఉంటుంది ఆ నీరు. ప్రవాహాన్ని బట్టి 24 గంటలపాటు కొంచెం కొంచెంగా పోగేసిన శాంపిలే లెక్క. ఇక్కడ తప్పితే ఎంత ఖరీదైన మెషిన్ కూడా కాపాడలేదు.

– క్లోరిన్ కలిపిన నీరైతే సీసాలో ముందే క్లోరిన్‌ని విరిచే సోడియం థయోసల్ఫేట్ వేయండి. లేదంటే ల్యాబ్‌కి చేరేలోగా పారాసెటమాల్ లాంటివాటిని క్లోరిన్ తినేస్తుంది. మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంట్ భేషుగ్గా పనిచేస్తోందని మనం మురిసిపోతాం!

– ముదురు గోధుమరంగు గాజు సీసాలు, ఐస్ బాక్స్. నొప్పుల మందు డైక్లోఫెనాక్ వెలుతురుకు విరిగిపోతుంది.

– శాంపిల్ తీసేవాళ్లు ఆ రోజు నొప్పుల జెల్ రాసుకోకూడదు. నవ్వొస్తుంది గానీ, చాలా జెల్స్‌లో ఉండేది ఆ డైక్లోఫెనాకే.

– ప్లాంట్‌లోకి వచ్చే (ఇన్‌లెట్), బయటికి పోయే (అవుట్‌లెట్) నీళ్లు ఒకే సమయంలో పట్టి పోల్చకండి. ట్యాంకుల్లో నీరు ఎన్ని గంటలు నిలుస్తుందో, అవుట్‌లెట్ దగ్గర అంత ఆలస్యంగా మొదలుపెట్టాలి.

– మందుల అవశేషాలు తొలగించడానికి ఓజోన్ వాయువు వాడదామనుకుంటే ముందు నీటిలో బ్రోమైడ్ అనే లవణం ఎంతుందో టెస్ట్ చేయించండి. అది ఎక్కువుంటే హానికరమైన బ్రోమేట్ తయారవుతుంది. పైగా స్కానింగ్‌కి ఎక్కించే అయోడిన్ కాంట్రాస్ట్ మందులు ఓజోన్‌కి అంత తేలిగ్గా లొంగవు.