చిన్న స్పిన్ గొలుసుల్లో సౌష్ఠవం – 3వ పాఠం: తిరగేసినా మారని గొలుసు

కిందటి పాఠంలో నాలుగు స్పిన్‌ల (పైకి గానీ కిందికి గానీ చూసే చిన్న క్వాంటమ్ అయస్కాంతాల్లాంటివి) గొలుసు తీసుకుని, దాని 16 స్థితులను ‘పైకి చూసే స్పిన్‌లు ఎన్ని’ అన్న లెక్కతో 1, 4, 6, 4, 1 గుంపులుగా విడగొట్టాం. పక్కపక్క స్పిన్‌లు దిశలు మార్చుకోవడం తప్ప ఇందులో ఇంకేం జరగదు కాబట్టి ఆ లెక్క మారదు. ఇప్పుడు పైకి చూసే స్పిన్ ఒక్కటే ఉన్న గుంపు చూద్దాం. అది 1, 2, 3, 4 చోట్లలో ఎక్కడైనా ఉండొచ్చు.

గొలుసును తిరగేయండి. 1, 4 తారుమారవుతాయి, 2, 3 తారుమారవుతాయి. పక్క చోటికి గెంతే బలం ‘జె’ అన్నిచోట్లా ఒకటే కనుక హామిల్టోనియన్ (గొలుసు శక్తిని, కదలికను నిర్ణయించే మాత్రిక) చెక్కుచెదరదు. అందుకే చోట్లను జతలుగా పట్టుకుందాం: తిరగేసినా మారని (1+4), (2+3) సరి జతలు, తిరగేస్తే గుర్తు మారే (1−4), (2−3) బేసి జతలు. ఇక్కడ (1+4) అంటే స్పిన్ 1, 4 చోట్లలో సమంగా కలిసి ఉన్న క్వాంటమ్ స్థితి. సరి నుంచి బేసికి దారి లేదు. 4×4 మాత్రిక కాస్తా రెండు 2×2 మాత్రికలైంది.

ఇక్కడ పెన్ను తీసుకుని మీరే చేయండి, చదివితే చాలదు. సరి మాత్రికలో మొదటి వరుస 0, జె. రెండో వరుస జె, జె. ఆ చివరి జె ఎక్కడిదంటారా? 2 నుంచి 3కి గెంతినా (2+3) జత అలాగే ఉంటుంది, అందుకని. ఐగెన్ విలువలు, అంటే ఈ మాత్రిక ఇచ్చే శక్తి స్థాయిలు, 1.618 జె, −0.618 జె. తేడా √5 జె. బేసి మాత్రికలో చివరిది −జె అవుతుంది, విలువల గుర్తులు మారతాయి, తేడా మాత్రం అదే.

ఇప్పుడు (1+4) నుంచి వదలండి. ఊగిసలాట ఆ తేడా నిర్ణయించే ఒకే పౌనఃపున్యంతో సాగుతుంది. స్పిన్ నడిమి జతలో దొరికే సంభావ్యత 80 శాతం దాటదు, ఎంతసేపు ఆగినా సరే. ఒక్క 1వ చోటు నుంచి వదిలినా నడిమి రెండింటి మొత్తానికి అదే హద్దు. నాకు ఈ లెక్కలో బాగా నచ్చేది ఇదే.

2014లో ఆస్ట్రియాలోని ఇన్‌స్‌బ్రుక్‌లో 7 కాల్షియం అయాన్ల వరుసలో, ఒక్కో అయాన్‌ను ఒక్కో స్పిన్‌గా వాడి, నడిమి స్పిన్‌ను తిప్పి వదిలారు. ఆ కదలిక రెండు పక్కలకూ పాకింది. నడిమి చోటు తనకు తానే ప్రతిబింబం. కాబట్టి ఆదర్శ లెక్కలో ఏడు స్థితుల్లో నాలుగు సరివే పనిచేస్తాయి, మూడు బేసివి అసలు కదలవు. కొలతలో ఎడమ, కుడి తేడా కనిపిస్తే బలాలు సమంగా లేవేమో చూడాలి. పైకి చూసే స్పిన్ సున్నాగానో రెండుగానో వస్తే ఆ విడత ప్రయోగంలో తప్పు దొర్లినట్టే, దాన్ని పక్కన పెట్టేయొచ్చు. కానీ దశ (స్థితుల మధ్య ఉండే తరంగాల పొంతన) చెదిరితే పైకి చూసే స్పిన్‌ల లెక్కకు దొరకదు, జాగ్రత్త.

అభ్యాసం: రెండు స్పిన్‌లు పైకి ఉన్న ఆరు స్థితుల గుంపును ఇలాగే విడగొట్టండి. 4, 2 రావాలి. 3, 3 వస్తే, తిరగేసినా మారని స్థితులు ఎన్నో మళ్లీ లెక్కపెట్టండి.