పదో తరగతికి కాస్మిక్ ఇన్‌ఫ్లేషన్ పాఠం చెప్పే తీరు

ముందుగా పేరు సంగతి తేల్చుకోవాలి. ఇన్‌ఫ్లేషన్‌ను నిఘంటువు చూసి ద్రవ్యోల్బణం అన్నారంటే పిల్లల ధ్యాస కందిపప్పు ధర మీదికి పోతుంది. కాబట్టి ఆ పదాన్ని అలాగే ఉంచి, తొలి క్షణంలో విశ్వం ఒక్కసారిగా ఉబ్బడమని చెప్పండి.

పాఠాన్ని బుడగతో కాక చాయ్‌తో మొదలుపెట్టండి. హనుమకొండలో ఒక కప్పు, కరీంనగర్‌లో ఒక కప్పు, రెండింటి వేడిలో లక్షో వంతు తేడాయే ఉందంటే, అవి ఒకే గిన్నెలోంచి వంచినవని ఎవరైనా అనుమానిస్తారు. విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలి, ఆకాశంలో ఎదురెదురు దిక్కుల నుంచి వచ్చే మైక్రోవేవ్ కాంతి ఉష్ణోగ్రతా అంతే: ఎటు చూసినా 2.725 కెల్విన్లు, తేడా సుమారు లక్షో వంతు. మామూలు విస్తరణ లెక్క ప్రకారం ఆ కాంతి బయల్దేరేనాటికి ఆ రెండు చోట్ల మధ్య కాంతి కూడా ప్రయాణించి ఉండదు. ఒకప్పుడు ఇరుగుపొరుగుగా ఉన్నవాటినే ఇన్‌ఫ్లేషన్ దూరంగా లాగేసిందన్నది 1981లో భౌతిక శాస్త్రవేత్త అలన్ గూత్ ప్రచురించిన సమాధానం.

ఎంత ఉబ్బిందో పిల్లలతోనే లెక్క కట్టించండి. సెకనులో ఊహకందనంత చిన్న భాగంలో దూరాలు కనీసం 1 పక్కన 26 సున్నాలన్ని రెట్లు పెరిగి ఉండాలని అంచనా. మిల్లీమీటరు ఆవగింజను అన్ని రెట్లు చేస్తే సుమారు కోటి కాంతి సంవత్సరాలవుతుంది. ఆండ్రోమెడా గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. ఆ తర్వాతే చుక్కలు పెట్టిన బుడగను ఊదండి. విశ్వాన్ని పోలినది బుడగ పైపొర మాత్రమేనని, లోపలి గాలికీ బయటి గదికీ ఈ పోలికలో చోటు లేదని వెంటనే చెప్పాలి. బుడగ పేలితే అదే బిగ్ బ్యాంగ్ అని కేకలేస్తారు, ఆపడం కష్టం. భూమి గుండ్రంగా ఉన్నా భద్రకాళి చెరువు నీరు చదునుగానే కనిపించినట్లు, ఎంతో ఉబ్బిన అంతరిక్షంలో మనకు కనిపించే భాగం చదునుగా తోస్తుంది.

ఇదే పాఠంలో అదనపు డైమెన్షన్లు, అంటే పొడవు, వెడల్పు, ఎత్తు కాక ఉండవచ్చనుకునే మరిన్ని దిక్కులు, చెప్పడానికి కొత్తవాడ జంపఖానా నూలుపోగు చాలు. పది అడుగుల నుంచి అది గీత. భూతద్దం కింద దాని చుట్టూ చీమ తిరిగేంత గుండ్రదనం బయటపడుతుంది. 1921లో కలూజా ప్రతిపాదించిన అదనపు డైమెన్షన్ అలా అతి చిన్నగా చుట్టుకొని ఉండవచ్చని 1926లో క్లైన్ సూచించాడు; కణాలన్నీ అతి చిన్న తీగల కంపనాలేననే స్ట్రింగ్ సిద్ధాంతానికి కాలంతో కలిపి పది డైమెన్షన్లు కావాలి. అయితే ఇన్‌ఫ్లేషన్‌కు ఉన్నపాటి పరిశీలనల బలం దీనికి లేదని దాచకండి. పెద్దసైజు అదనపు డైమెన్షన్లుంటే దగ్గరి దూరాల్లో గురుత్వాకర్షణ విలోమ వర్గ నియమం (దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతు) తప్పాలి. 2020లో 52 మైక్రాన్ల వరకు, అంటే దాదాపు వెంట్రుక మందం దాకా కొలిచినా, అది తప్పలేదు.