ట్వీడ్ నది మీద ఆరు రోజులు: శరత్కాలంలో సాల్మన్ కోసం

వారం అని బుక్ చేసుకున్నా చేతికి వచ్చేది ఆరు రోజులే. స్కాట్లాండ్‌లో ఆదివారం సాల్మన్ చేపకు గాలం వేయడం చట్టరీత్యా నిషేధం. ట్వీడ్ మీద సీజన్ ఫిబ్రవరి 1న మొదలై నవంబర్ 30న ముగుస్తుంది. సెప్టెంబర్ 15 నుంచి చివరి దాకా ఫ్లై, అంటే ఈకలతో, వెంట్రుకలతో కట్టిన ఎర మాత్రమే వాడాలి. నది ఒడ్డున ఎవరి భాగం వారిదే కాబట్టి హక్కుదారు అనుమతి లేకుండా నీళ్లలో కాలు పెట్టకూడదు. నేను ఏటా అక్టోబర్ ఆఖరి వారం కెల్సో ఊరి దగ్గర తీసుకుంటాను. ఆ వారంలో ఎండ, వాన, గాలి, మంచు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వాతావరణ సూచన చూసి ముందే బెంగ పెట్టుకోకండి. సాల్మన్‌ను కదిలించేది నీటిమట్టం. దాన్ని చదవడం వస్తే ఏ వాతావరణంలోనైనా చేయదగిన పని ఒకటి ఉంటుంది.

సోమవారం ఉదయం రాడ్ కూడా విప్పకముందే నేను ఒక రాయిని ఎంచుకుంటాను. నీటి అంచున సగం మునిగి, సగం తేలి ఉండాలి. పోయిన ఏడాది ఎంచుకున్నది అడ్డంగా చీలిక ఉన్న నల్లరాయి. చీలికకు బెత్తెడు కింద నీళ్లున్నాయి. రోజుకు మూడుసార్లు దాని దగ్గరికి వెళ్లి, తడి గీత పైకి జరిగిందో కిందికి జరిగిందో చూసి, పుస్తకంలో సమయంతో సహా రాసుకున్నాను. పక్కనే నీటి ఉష్ణోగ్రత కూడా. ఎగువన నీటిమట్టాలు ఎలా ఉన్నాయో స్కాట్లాండ్ పర్యావరణ పరిరక్షణ సంస్థ వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. ఎట్రిక్, టెవియట్ ఉపనదుల వైపు కొండల మీద రాత్రి కురిసిన వాన మీ మడుగును చేరడానికి గంటలు పడుతుంది. ఆ గంటలు మీకు దొరికిన అవకాశం.

నీటిమట్టాన్ని ఇంతగా గమనించడం ఎందుకంటే, నదిలోకి వచ్చిన సాల్మన్ ఇక తిండి తినదు. సముద్రంలో కూడబెట్టుకున్న కొవ్వు మీదే బతుకుతుంది. నీళ్లు పెరిగితే ఎగువకు ప్రయాణిస్తుంది, తగ్గుతుంటే ఆగి విశ్రాంతి తీసుకుంటుంది. కొత్తగా వచ్చి ఆగిన చేపే ఫ్లై మీదికి దూకుతుంది. వారాల తరబడి ఒకే మడుగులో ఉండి ఎర్రబారిన చేప సాధారణంగా పట్టించుకోదు.

సోమవారం నీళ్లు తక్కువగా, అద్దంలా ఉన్నాయి. అలాంటప్పుడు తేలే లైను, పొడవైన సన్నని లీడర్ (లైను చివర ఫ్లైకి కట్టే దారం), 10 లేదా 12 నంబరు చిన్న ఫ్లై వాడండి. మడుగు మొదట్లో నీళ్లు నురగతో దిగే చోట, పొద్దు వాలే వేళ ప్రయత్నించండి. మధ్యాహ్నపు ఎండలో గంటల కొద్దీ నీళ్లను కొడుతూ చేపల్ని బెదరగొట్టడం కంటే ఒడ్డున కూర్చోవడం మేలు.

మంగళవారం రాత్రంతా వాన. బుధవారం తెల్లారేసరికి నా రాయి జాడ లేదు. నది ఇటుక రంగులో, కొమ్మలూ ఆకులూ మోసుకుంటూ పోతోంది. ఈ రోజు గాలం వేయకండి. పెరుగుతున్న నీళ్లలో దిగడం ప్రాణాపాయం. నీళ్లలో ఉండగా గడ్డిపోచలు, రాలిన ఆకులు గుంపులుగా తేలి వస్తున్నాయంటే మట్టం పెరుగుతోందని అర్థం. చేప తగిలి ఉన్నా సరే, వెంటనే ఒడ్డు వైపు నడవండి. ఊతకర్ర, గాలితో ఉబ్బే లైఫ్ జాకెట్ లేకుండా నేను మోకాలి లోతుకు కూడా దిగను.

గురువారం మధ్యాహ్నానికి రాయి తల బయటపడింది. నీళ్లలో నిలబడి చూస్తే నా బూటు కొస మసకగా కనిపించింది. నేను వారమంతా ఎదురుచూసేది ఈ గుర్తు కోసమే. నీళ్లు తగ్గుతూ, తేరుకుంటూ ఉన్నప్పుడు వచ్చే ఒకటిన్నర రోజు మిగతా వారమంతటికీ సమానం. భోజనం మానుకునైనా నీళ్లలో ఉండండి. మునిగే కొస ఉన్న లైను కట్టి, అంగుళంన్నర పొడవున్న ట్యూబ్ ఫ్లై, అంటే సన్నని గొట్టం మీద కట్టిన ఫ్లై వేయండి. మసక నీళ్లలో నారింజ, పసుపు, నలుపు కలిసినది నాకు బాగా పనికొచ్చింది. చేపలు నడిమధ్య వడిలో ఉండవు. ఒడ్డుకు దగ్గరగా, నీళ్లు నెమ్మదించే చోటే ఆగుతాయి. అందుకే మొదటి విసురు పొట్టిగా వేయండి. దిగువకు నలభై అయిదు డిగ్రీల కోణంలో విసిరి, ఫ్లై మీకు దిగువన, మీ ఒడ్డు దాకా వచ్చి వేలాడేవరకు ఆగండి. తర్వాత రెండడుగులు దిగువకు జరిగి మళ్లీ విసరండి. ఒకే చోట పాతుకుపోవద్దు.

శుక్రవారం గాలి లేచింది. స్పే అంటే లైనును పూర్తిగా వెనక్కి విసరకుండా, పక్కన వంపు తిప్పి ముందుకు వేసే విసురు. ఎగువకు వీచే గాలిలో సింగిల్ స్పే, దిగువకు వీచే గాలిలో డబుల్ స్పే వేయాలి. లైను వంపు ఎప్పుడూ మీకు గాలి పోయే వైపున ఉండాలి. లేకపోతే కొక్కెం ముఖం మీదికి వస్తుంది. టోపీ, కళ్లద్దాలు లేకుండా రాడ్ ఎత్తకండి. శనివారం మంచు పడి నీళ్లు 7 డిగ్రీలకు దిగాయి. 10 డిగ్రీల కంటే తగ్గితే ఫ్లైని లోతుగా, నెమ్మదిగా నడపండి.

చేప ఫ్లైని నోట పట్టినప్పుడు వెంటనే రాడ్ ఎత్తకూడదు. మొదట లైను బరువెక్కినట్టు అనిపిస్తుంది. తర్వాత రీలు నుంచి దారం పోతుంది. చేతులు కదపకుండా పోనివ్వండి. చేప తిరిగి వెళ్లేటప్పుడే కొక్కెం నోటి మూలకు సరిగ్గా దిగుతుంది. అప్పుడు నింపాదిగా ఎత్తండి. ఎగిరితే రాడ్ కొస దించండి. ఎక్కువసేపు ఆడించకండి. అలసట కూడా చేపను చంపుతుంది.

నేను అన్నిటినీ వదిలేస్తాను. 2023 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య బ్రిటన్ అట్లాంటిక్ సాల్మన్‌ను అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల్లో చేర్చింది. అక్టోబరులో దొరికే ఆడచేప కొద్ది వారాల్లో గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టబోతోంది. కొక్కెం ముల్లును పటకారుతో ముందే నొక్కేయండి. ముడులు లేని వల వాడండి. చేపను ఒడ్డు మీదికి లాగకండి, ఫోటో కోసమైనా.

ఆ శుక్రవారం సాయంత్రం నాకు దొరికింది పదిపన్నెండు పౌన్ల ఆడచేప. వలలోనే, నీళ్లలోనే ఉంచి కొక్కెం తీశాను. ఒక చేత్తో తోక మొదలు, రెండో చేయి పొట్ట కింద పెట్టి, తలను ఎగువ వైపు తిప్పి పట్టుకున్నాను. మొప్పలు మొదట వడివడిగా, తర్వాత నిదానంగా ఆడాయి. ముందుకీ వెనక్కీ ఊపకండి, నీళ్లు వాటంతట అవే మొప్పల్లోంచి పోతాయి. రెండు నిమిషాలకు తోక నా అరచేతిలో బిగుసుకుంది. పట్టు సడలించగానే ఒక్క విసురుతో, నా చేతులు నీళ్లలోనే ఉండగా వెళ్లిపోయింది.