వానలు మొదలయ్యేలోగా పాత గ్రామఫోను రికార్డుల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

మృగశిర కార్తెలో నాలుగు వానలు పడిన తరువాత అటక మీది రికార్డుల పెట్టె దించి చూస్తే, అట్టలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుని, పాట నమోదై ఉండే నల్లని గాళ్ల (సన్నని గీతల) మీద తెల్లని బూజు చుక్కలు కనిపించడం చాలా ఇళ్లలో జరిగేదే. రికార్డులకు గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండటం మంచిది. వానాకాలంలో కోస్తా ఊళ్లలో అది 80 శాతం దాటిపోతుంది. బూజు ప్రధానంగా అట్ట కాగితాన్ని, లేబులు జిగురును, వేలి జిడ్డును, దుమ్మును ఆశ్రయించి పెరుగుతుంది కనుక, గాలి ఇంకా పొడిగా ఉండగానే, అంటే రోహిణి కార్తె ముగిసేలోగా, ఈ పని పూర్తి చేసుకోవాలి. అయితే ఎండలో ఆరబెట్టడం మాత్రం కూడదు. వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన రికార్డు ఆ వేడికి వంగిపోతుంది, వంగినదాన్ని ఇంట్లో సరిచేయడం దాదాపు అసాధ్యం.

శుభ్రం చేయడానికి ముందు చేతిలో ఉన్నది లక్క రికార్డో వినైల్ రికార్డో తేల్చుకోవాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులను లక్కలో రాతిపొడి కలిపి చేసేవారు. అవి బరువుగా ఉంటాయి, కింద పడితే పింగాణీలా పగులుతాయి. పాట ఏ సంవత్సరానిదో చూసి నిర్ణయించడం పొరపాటు, ఎందుకంటే పాశ్చాత్య దేశాల్లో 78లు దాదాపు కనుమరుగైన 1960లలో కూడా కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారంలో వాటిని తయారుచేస్తూనే ఉన్నారు. కాబట్టి లేబులు మీది వేగాన్ని, చేతికి తెలిసే బరువును నమ్మాలి. ఈ తేడా ఎందుకు ముఖ్యమో వడ్రంగి పని చూసినవారికి వెంటనే అర్థమవుతుంది: చెక్కకు పాలిష్ పట్టడానికి లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే. వినైల్ కోసం వాడే స్పిరిట్ కలిపిన ద్రావణంతో లక్క రికార్డును తుడిస్తే గాళ్లు కరిగి పాట శాశ్వతంగా పోతుంది. మా ఇంట్లో ఒక రికార్డును అలాగే పోగొట్టుకున్నాం, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

రెండు రకాలకూ పనికివచ్చే పద్ధతి డిస్టిల్డ్ వాటర్‌లో రంగు, సువాసన లేని గిన్నెల సబ్బు ఒకటి రెండు చుక్కలు వేసి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను అందులో తడిపి పిండి, గాళ్లు తిరిగిన దిశలోనే తుడవడం. లేబులుకు తడి తగలనీయరాదు, లక్క రికార్డును ఎక్కువసేపు తడిగా ఉంచరాదు. చివర మంచి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తుడిచి, ఫ్యాను కింద నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. బూజు పట్టినవాటిని ముక్కుకు మాస్కు కట్టుకుని ఆరుబయట నీడలో తుడవాలి, వాటి పాత లోపలి కవర్లను పారవేయాలి. బూజు ఉన్న రికార్డు మీద ముల్లు ఎంతమాత్రం పెట్టవద్దు.

భద్రపరచేటప్పుడు రికార్డులను పుస్తకాల్లా నిటారుగా, నేలకు జానెడు ఎత్తున, చెమ్మ ఊరే బయటి గోడకు దూరంగా ఉంచాలి. అరలో తేమను పీల్చే సిలికా జెల్ సంచులు పెట్టి, నెలకొకసారి మార్చడమో ఆరబెట్టడమో చేయాలి. అట్టలకు చెదలు పట్టకుండా అర వెనుక భాగాన్ని కూడా అప్పుడప్పుడూ చూస్తూ ఉండాలి.

ఇక ప్లేయరు. తాళం తిప్పే పాత గ్రామఫోను మీద వినైల్ పెట్టరాదు, ఆ ఉక్కు ముల్లు, దాని బరువు ఒక్కసారికే గాళ్లను చెక్కేస్తాయి. కొత్తగా కొనేవారు ముల్లును మోసే ప్లేయరు చేతికి వెనుక బరువు సర్దుకునే ఏర్పాటు ఉన్నదే తీసుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే ముల్లు భారం చాలా కార్ట్రిడ్జ్‌లకు (ముల్లు అమర్చే భాగాలకు) సుమారు 2 గ్రాములే ఉండాలి, సూట్‌కేసు తరహా చవక ప్లేయర్లలో అది చాలా ఎక్కువగా ఉంటుంది. ఎల్పీ (పెద్ద వినైల్ రికార్డు) ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 78కి కావలసింది సుమారు 75 మైక్రాన్లు. అందువల్ల రెండూ వినదలచినవారు 78 వేగం ఉందో లేదో చూసుకుని, దానికి వేరే ముల్లు కూడా కొనుక్కోవాలి. అమెరికా నుంచి బంధువులు పాత ప్లేయరు తెస్తామంటే ముందే మోటారు సంగతి అడగండి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గిస్తుందే గాని ఈ తేడాను సరిచేయదు, కనుక సింక్రోనస్ మోటారు (కరెంటు హెర్ట్జ్‌ను బట్టి వేగం మారేది) ఉన్న ప్లేయరులో 33⅓ చుట్లు తిరగవలసిన ఎల్పీ సుమారు 27.8 చుట్లే తిరిగి పాట సాగదీసినట్టు వినిపిస్తుంది.

ఉరుములు వినబడగానే ప్లేయరు ప్లగ్గును గోడ నుంచి తీసివేయాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు ముంచినట్టు ఇంట్లోకి నీరే వస్తే, ప్రమాదం తప్పిన తరువాత తడిసిన అట్టల నుంచి రికార్డులను వెంటనే వేరుచేసి, గాళ్లలో బురద ఎండకముందే మంచినీటితో కడగండి. ఆ సమయంలో లేబులు తడుస్తుందని వెనుకాడవద్దు. అట్టలను విడిగా నీడలో పరిచి ఆరబెట్టుకోవచ్చు.