ఎస్టీపీ బురదను మొక్కలకు వేసే ముందు

అపార్ట్‌మెంట్లలో మురుగునీటి శుద్ధి ప్లాంట్లు (ఎస్టీపీలు) నడపడం నా పని. బురద ఎండిందని తెలిస్తే చాలు, తోటమాలులు సంచులతో వచ్చేస్తారు. ఇవ్వడానికి అభ్యంతరం లేదు, కాని ముందు ఒక ప్రశ్న అడుగుతాను: లాన్‌లో కలుపుమందు కొట్టాక స్ప్రేయరు ఎక్కడ కడిగారు?

జవాబు ‘డ్రైనేజీలో’ అయితే ఆ మందు నా ట్యాంకులోనే ఉందన్నమాట. వెడల్పాకు కలుపుకు వాడే 2,4-డి నీటిలో కరిగి ఉంటుంది. బ్యాక్టీరియా దాన్ని తినగలవు, కాని అలవాటు పడేదాకా టైము పడుతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చిపడే మందుకు ఆ అలవాటు ఎక్కడిది? గ్లైఫోసేట్ అనే మరో కలుపుమందు తీరు వేరు. బురదకు గట్టిగా అంటుకుని ఆంపా అనే మరో పదార్థంగా మారుతుంది. అది ఇంకా మొండి ఘటం.

అందుకే స్ప్రేయరును మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను మందు కొట్టిన లాన్ మీదే చల్లేయండి.

బ్యాక్టీరియా మురుగును తినేది ఏరేషన్ ట్యాంకులో, గాలి ఊదుతుంటేనే. దానికి గాలి తగ్గనివ్వకండి. కరెంటు బిల్లు కోసం రాత్రంతా ఆ గాలి ఊదే బ్లోయర్ ఆపేసే కమిటీలతో నాకు రోజూ తగవే. నీటిలో ఆక్సిజన్ లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు ఉండాలి. మీటరు లేకపోతే లీటరు జాడీలో ట్యాంకు నీళ్లు పట్టి అరగంట కదపకుండా ఉంచండి. గోధుమరంగు బురద అడుగుకు దిగి, పైన నీరు తేటపడి, తడి మట్టి వాసన వస్తే సరే. నల్లబడి కుళ్లు కంపు కొడితే గాలి చాలడం లేదు. బురదను మరీ తొందరగా తోడేయకండి, నెమ్మదిగా పెరిగే బ్యాక్టీరియా కొట్టుకుపోతాయి.

తీసిన బురదను ఎండుటాకులతో కలిపి కుప్ప వేసి, తిరగేస్తూ ఉండండి. మందు కొట్టిన లాన్ గడ్డి మాత్రం అందులో వద్దు.

ఇక కుండీ పరీక్ష. మాగిన బురద, మంచి మట్టి సమపాళ్లలో కలిపి మూడు కుండీల్లో బీన్స్ విత్తండి. ఉత్త మట్టితో మరో మూడు పెట్టండి. మూడు వారాలు చూడండి. బురద కుండీల్లోనే కొత్త ఆకులు దొప్పల్లా ముడుచుకుని, ఈనెలు దగ్గరపడి, కాడలు మెలికలు తిరిగితే 2,4-డి లాంటి మందు మిగిలి ఉన్నట్టే. కుప్పను మళ్లీ తిరగేయండి.

గ్లైఫోసేట్ సంగతి ఈ పరీక్ష చెప్పదు. బురదలో రోగక్రిములు, లోహాలు కూడా ఉండవచ్చు. కాబట్టి పరీక్ష నెగ్గినా క్రోటన్లకూ నీడ చెట్లకే ఇస్తాను. కొత్తిమీర మడికి అడిగితే ఇవ్వను.